కర్నూలు గవుల్లో పాత కాపురం: గబ్బిలాల కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మన రాయలసీమలో అందరికంటే పాత కాపురం ఎవరిది? కొందరు గండికోట రాజులు అంటారు. ఇంకొందరు విజయనగరం అంటారు. కొంచెం చదువుకున్న వాళ్లు అశోకుడి పేరు చెప్తారు, ఎర్రగుడి శాసనం మన కర్నూలు సీమలోనే ఉంది కాబట్టి. నేను మాత్రం ఇంకా వెనక్కి, చాలా వెనక్కి తీసుకెళ్తాను. వాళ్లకి కోటల్లేవు, శాసనాల్లేవు. పగలంతా తలకిందులుగా వేలాడి, పొద్దు గుంకగానే డ్యూటీకి పోతారు. అవును, గబ్బిలాలే. మన పల్లెల్లో గబ్బిలాయి అంటాం.

"ఏందన్నా, హిస్టరీ ఎపిసోడ్ అని చెప్పి జంతువుల పాఠం మొదలుపెట్టినావే" అనుకోవద్దు. ఇది హిస్టరీనే. దీనికి సాక్ష్యం కాగితం మీద కాదు, గుహల మట్టిలో ఉంది. ఆ మట్టిని తవ్విన మనుషులకి పేర్లున్నాయి, తేదీలున్నాయి. చివరికొచ్చేసరికి ఈ కథ మన ఊరి క్వారీ దగ్గర, మన చేతిలో ఉన్న ఫోన్ ఫ్లాష్ దగ్గర ఆగుతుంది. అందుకే పూర్తిగా వినండి.

ముందు ఇల్లు, తర్వాత కాపురం

గబ్బిలం కంటే ముందు గుహ గురించి చెప్పాలి. కర్నూలు, నంద్యాల, కడప వైపు ఇళ్లల్లో నేలకి పరిచే నాపరాయి చూశారు కదా. బేతంచెర్ల రాయి, కడప రాయి అని దేశమంతా అమ్ముతారు. అదంతా ఒకప్పటి సముద్రం అడుగు. డైనోసార్లు పుట్టక ముందు, భూమ్మీద చెట్టూ పుట్టా లేని కాలంలో, ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నం గట్టిపడి సున్నపురాయి అయింది. ఇందులో ఒక పొరకి జియాలజీ పుస్తకాల్లో నార్జి సున్నపురాయి అని పేరు. నార్జి అంటే వేరే దేశం కాదు, మన కడప జిల్లాలోని ఊరే.

సున్నపురాయికి ఒక గుణం ఉంది. వాన నీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ నీళ్లు సందుల్లోకి దిగి రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. లక్షల ఏళ్లు కరిగితే సందు కాస్తా సొరంగం అవుతుంది. మన దగ్గర దాన్నే గవి అంటారు. బెలుం గుహలు అట్లా వచ్చినవే. కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి, పొడవు 3,229 మీటర్లు. టికెట్ కొని మనం తిరిగేది అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. యాగంటి గుహలు, బనగానపల్లె దగ్గర వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని చెప్పుకునే రవ్వలకొండ గవి, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం, అన్నీ ఈ పాత సున్నపురాయి సీమలోవే.

బయట మే నెలలో 44 డిగ్రీలు మాడుతున్నా లోపల వేడి పెద్దగా మారదు. గాల్లో తేమ ఉంటుంది. చీకటి ఉంటుంది. పిల్లి, డేగ లాంటి శత్రువులకి లోపలికి రావడం కష్టం. మన లాంటి ఎండిన సీమలో, పల్చటి చర్మపు రెక్కల్లోంచి నీళ్లు ఆవిరైపోయే జంతువుకి ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

1884, బిల్లసర్గం

ఇప్పుడు అసలు హిస్టరీలోకి వద్దాం. 1840లలో కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి బిల్లసర్గం గుహల్లో పాత ఎముకలు ఉన్నాయని రాశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ కదలిక తెచ్చింది లండన్ నుంచి ఒక మాట. థామస్ హక్స్లీ పేరు వినుంటారు. డార్విన్ సిద్ధాంతం కోసం సభల్లో నిలబడి వాదించిన మనిషి. ఆ కర్నూలు గుహల్ని సరిగా తవ్వించండి అని అప్పటి మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కి ఆయనే సూచించాడు. యూరప్ గుహల్లో ఆదిమానవుల గుర్తులు దొరుకుతున్న కాలం అది. ఇండియాలో కూడా దొరుకుతాయేమో అని ఆశ.

ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశంలో ఆదిమానవుల చరిత్రకి తలుపు తెరిచిన జియాలజిస్ట్ ఆయనే. 1884, 85లలో ఆయన, సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న ఆయన కొడుకు హెన్రీ కలిసి బిల్లసర్గంలో తవ్వించారు. గుహలకి వాళ్లు పెట్టిన పేర్లు వింటే నవ్వొస్తుంది. ఒకటి కెథెడ్రల్, ఒకటి పర్గెటరీ, ఇంకొకటి చార్నెల్ హౌస్, అంటే ఎముకల కొట్టం.

తవ్విన ఎముకలన్నీ రిచర్డ్ లైడెక్కర్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లాయి. ఆయన 1886లో లిస్టు ప్రచురించాడు. ఆ లిస్టు చదువుతుంటే ఇది మన కర్నూలేనా అనిపిస్తుంది. పులి, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక వరకు సరే. ఇప్పుడు ఆఫ్రికాలో మాత్రమే కనిపించే మచ్చల హైనా ఉంది. ఖడ్గమృగం కూడా ఉంది. ఇప్పుడు దాన్ని అడవిలో చూడాలంటే అస్సాం వైపు పోవాలి. ఇక్కడ దొరికిన ఆ ఖడ్గమృగానికి ఆయన కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్.

అదే లిస్టులో, ఈ పెద్ద పెద్ద పేర్ల మధ్యలో, రెండు గబ్బిలాలు ఉన్నాయి. ఒకటి పాత సమాధుల్లో, శిథిలాల్లో ఉండే జాతికి చుట్టం. రెండోది ఆకుముక్కు గబ్బిలం. ముక్కు మీద ఆకు లాంటి చర్మపు మడతలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. లైడెక్కర్ గుర్తించిన ఆ ఆకుముక్కు జాతి ఇప్పుడు నికోబార్‌లో, ఆగ్నేయాసియాలో ఉంటుంది. ఖడ్గమృగం పోయింది, మచ్చల హైనా పోయింది. గబ్బిలాల్లో జాతులు మారి ఉండొచ్చు. కానీ బేతంచెర్ల కొండల్లో గబ్బిలం అనే కాపురం మాత్రం ఖాళీ కాలేదు.

ఎలకకి చుట్టం కాదు

చిన్నప్పుడు ఒక కథ వినే ఉంటారు. పక్షులకీ జంతువులకీ యుద్ధం జరిగితే గబ్బిలం ఎవరు గెలుస్తుంటే వాళ్ల వైపు దూకిందని, ఆఖరికి రెండు వైపులా తరిమేస్తే సిగ్గుపడి రాత్రి మాత్రమే తిరుగుతోందని. కథ బాగానే ఉంది గానీ గబ్బిలానికి చాలా అన్యాయం చేసింది. అది పక్షి కాదు. పిల్లల్ని కని పాలిచ్చే జంతువు. చాలామంది ఎగిరే ఎలక అనుకుంటారు, అదీ కాదు. డీఎన్ఏ చూస్తే ఎలకల కంటే గుర్రాలకి, కుక్కలకి, ఆవులకి దగ్గర.

దాని రెక్క నిజానికి చెయ్యి. మీ అరచేయి ఒకసారి చూసుకోండి. వేళ్లు మీ ఒంటంత పొడవు సాగి, వాటి మధ్య గొడుగు గుడ్డలా పల్చటి చర్మం ఉందనుకోండి. అదే గబ్బిలం రెక్క. బొటనవేలు మాత్రం పొట్టిగా గోరుతో మిగిలింది, పట్టుకుని పాకడానికి.

మరి చెయ్యి రెక్కగా ఎట్లా మారింది? 1859లో డార్విన్ తన పుస్తకంలో ఈ ప్రశ్నని తప్పించుకోలేదు. తన సిద్ధాంతానికి ఉన్న చిక్కుల్లో గబ్బిలం ఒకటని ఆయనే చెప్పుకున్నాడు. మధ్య దశలు చూపించే శిలాజాలు అప్పట్లో లేవు. 2008లో అమెరికాలోని వయోమింగ్‌లో దొరికిన ఒక శిలాజాన్ని వర్ణించారు. పేరు ఆనికోనిక్టెరిస్, వయసు సుమారు 5 కోట్ల 25 లక్షల ఏళ్లు. ఇప్పటి గబ్బిలాలకి రెక్కలో ఒకటో రెండో గోళ్లుంటాయి. దీనికి ఐదు వేళ్లకీ గోళ్లున్నాయి. ఎగిరేది, చెట్లు కూడా బాగా ఎక్కేది. చెవి నిర్మాణం చూసి, శబ్దంతో దారి వెతికే శక్తి దీనికి ఇంకా రాలేదని దాన్ని చదివిన శాస్త్రవేత్తలు అన్నారు. అంటే ముందు ఎగరడం, తర్వాత చీకట్లో శబ్దంతో చూడటం. దీని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

ఈ కథలో మన దేశానికీ పెద్ద పాత్ర ఉంది. గుజరాత్‌లో సూరత్ దగ్గర వస్తాన్ అనే లిగ్నైట్ గని ఉంది. అక్కడి పొరల్లో 5 కోట్ల ఏళ్ల కంటే పాత గబ్బిలాల పళ్లు, దవడలు దొరికాయి. 2007లో వర్ణించిన ఆ శిలాజాల్లో ఏకంగా 7 జాతులున్నాయి. ఇండియా భూభాగం సముద్రం దాటి వచ్చి ఆసియాని గుద్దుకుంటున్న కాలం అది. హిమాలయాలు ఇప్పటి ఎత్తుకి ఎదగక ముందే మన ఆకాశంలో గబ్బిలాలు తిరుగుతున్నాయి, అదీ ఇన్ని రకాలుగా.

చెవులతో చూసే విద్య

1793లో ఇటలీలో స్పలాంజాని అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. కళ్లు పోయిన గబ్బిలం కూడా గదిలో కట్టిన దారాలకి తగలకుండా ఎగిరింది. చెవులు మూస్తే మాత్రం గోడలకి గుద్దుకుంది. అప్పటి పెద్దలు నమ్మలేదు. చెవులతో చూడటమేంది అని నవ్వారు. ఆ నవ్వు దాదాపు 145 ఏళ్లు నడిచింది. 1938లో హార్వర్డ్‌లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే కుర్రాడు, మనకి వినపడని శబ్దాలు పట్టే యంత్రం ముందు గబ్బిలాల్ని పెడితే, గదంతా అరుపులే. మన చెవికి వినపడే హద్దు 20 కిలోహెర్ట్జ్. పురుగులు తినే గబ్బిలాలు ఎక్కువగా ఆ పైన అరుస్తాయి. ఆ శబ్దం పురుగుకి తగిలి తిరిగొస్తే, ఎంత దూరంలో ఉంది, ఎటు పోతోంది అన్నీ లెక్క కట్టేస్తాయి. ఆకుముక్కు గబ్బిలాలు ముక్కుతోనే శబ్దం వదులుతాయి. ఆ మడతలు శబ్దాన్ని ఒక దిక్కుకి పంపే మైకు గొట్టం లాంటివి అన్నమాట.

పెద్ద పండ్ల గబ్బిలాలు ఇట్లా చెయ్యవు. వాటికి పెద్ద కళ్లు, మంచి ముక్కు ఉన్నాయి. ఊరి మర్రిచెట్టుకి, చింతచెట్టుకి వందల్లో వేలాడేవి అవే. రెక్కలు చాపితే నాలుగడుగులు దాటతాయి. కానీ గుహల్లో ఉండే ఒక పండ్ల గబ్బిలం మాత్రం నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేస్తూ చీకట్లో దారి చూసుకుంటుంది. అవసరం వచ్చిన చోట విద్య మళ్లీ కొత్తగా పుట్టింది.

బూడిద వాన కురిసినా

ఇప్పుడు కథలో నాకు బాగా ఇష్టమైన భాగం. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేలలో తెల్లటి బూడిద పొర ఉంటుంది. అది మన దగ్గర ఏ పొయ్యిదీ కాదు. 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం పేలితే, సముద్రం దాటి వచ్చి జుర్రేరు లోయలో పడిన బూడిద. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. 2007లో ఈ సంగతి ప్రపంచమంతా చర్చ అయింది.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు బిల్లసర్గం గుహల్ని కొత్త పద్ధతులతో మళ్లీ తవ్వారు. 2014లో ఫలితాలు వచ్చాయి. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ల నుంచి ఇప్పటిదాకా ఉపఖండంలో కొనసాగుతున్నాయి. కొన్ని 2 లక్షల ఏళ్ల నుంచీ ఉన్నాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇదే కాలంలో పెద్ద జంతువులు వరసబెట్టి అంతరించిపోయాయి. మన దగ్గర అట్లా కాలేదు. కొన్ని ఒక చోట నుంచి మాయమై ఇంకో చోటికి జరిగాయి. మంచు యుగాల కరువులు వచ్చాయి, బూడిద పడింది, వేటాడే మనిషి వచ్చాడు, అయినా బతికాయి.

ఎందుకు? పరిశోధకులు చెప్పిన కారణం చాలా సింపుల్. ఇక్కడ కొండ, లోయ, గడ్డి మైదానం, ఏటి ఒడ్డు అడవి, అన్నీ పక్కపక్కనే ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒకచోట కష్టమైతే ఇంకోచోటికి పోవచ్చు. దారి తెరిచే ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పోవడానికి ఇంకో చోటు ఉంది కాబట్టి బతికాయి.

గవి లోపలి బతుకు, బయట పొలం

గుహలో ఎండ పడదు, చెట్టు మొలవదు. మరి లోపల పురుగులు, సాలీళ్లు ఏం తిని బతుకుతాయి? వాన నీటితో కొట్టుకొచ్చే చెత్త కొంత. గబ్బిలాల పెంట చాలావరకు. గబ్బిలం రాత్రంతా బయట తిని, పగలు లోపల వేస్తుంది. చీకటి లోకానికి అది రేషన్ బండి లాంటిది. పైన ఎంతమంది వేలాడుతున్నారో దాన్నిబట్టి కింద ఎంతమంది బతుకుతారో ఉంటుంది. గుహల్లో మనకి తెలియని జీవులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. బెలుం నీళ్లలో కళ్లు లేని ఒక చిన్న జీవి దొరికితే, 1980లలో ఆ గుహల్ని కొలిచి మ్యాపు గీసిన జర్మన్ అన్వేషకుడు గెబౌవర్ పేరు దానికి పెట్టారు. దాని ఇంటిపేరులో మాత్రం ఆంధ్ర ఉంది: ఆంధ్రకాయిడెస్.

బయటికొస్తే మన పొలం. పత్తి, శనగ వేసే ప్రతి రైతుకీ పచ్చపురుగు తెలుసు. ఆ పురుగు రాత్రి ఎగిరే రెక్కల పురుగు పెట్టిన గుడ్ల నుంచి వస్తుంది. ఒక్క తల్లి వందల గుడ్లు పెడుతుంది. ఆ తల్లిని గాల్లోనే పట్టి తినేది గబ్బిలం. అమెరికాలో టెక్సస్‌లోని 8 కౌంటీల్లో లెక్క కట్టారు. 2006లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, అక్కడి పత్తి రైతులకి గబ్బిలాలు చేసే సేవ విలువ ఏటా సుమారు 7 లక్షల 40 వేల డాలర్లు. అక్కడి పురుగూ మన పచ్చపురుగూ ఒకే వంశం. మందు కొట్టడానికి అప్పు చేసే సీమ రైతుకి ఇది ఎంత దగ్గరి విషయమో నేను చెప్పక్కర్లేదు.

పండ్ల గబ్బిలాలు ఇప్పపూల దగ్గరికి, బూరుగు పూల దగ్గరికి పోయి పుప్పొడి మోస్తాయి. మర్రి, రావి, నేరేడు, వేప గింజల్ని దూరాలకి తీసుకెళ్లి పడేస్తాయి. ఎండిన కొండ మీద ఒంటరి మర్రి మొలక కనిపిస్తే, దాన్ని నాటింది పక్షో గబ్బిలమో అయ్యుంటుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. జామ తోట, మామిడి తోట ఉన్న రైతుకి వీటివల్ల నష్టం నిజంగానే ఉంది. ఆ నష్టాన్ని నవ్వి తీసిపారేయడం న్యాయం కాదు.

దూత, దొంగ, దోషి

తెలుగువాళ్లం గబ్బిలాన్ని ఎట్లా చూశామో అదీ ఒక చరిత్రే. ఇంట్లోకొస్తే అరిష్టం అన్నాం. పాడుబడ్డ కొంపని గబ్బిలాల కొంప అన్నాం. 1941లో గుర్రం జాషువా గారు "గబ్బిలం" కావ్యం రాసి దీన్ని తిరగేశారు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, ఈయన కావ్యంలో అంటరానివాడు గబ్బిలాన్ని దూతగా పంపుతాడు, కాశీ విశ్వేశ్వరుడికి తన కష్టం చెప్పమని. ఎందుకు గబ్బిలమే? మనిషికి గుడి తలుపు మూసేశారు, గర్భగుడి కప్పుకి వేలాడే గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందరూ ఛీ అనే ప్రాణిలో ఆయన చుట్టాన్ని చూశారు.

చట్టం మాత్రం చాలా కాలం చుట్టంగా చూడలేదు. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాల్ని కాకులు, ఎలకల పక్కన, ఐదో షెడ్యూల్‌లో పెట్టారు. అంటే హానికర జీవి, చంపినా అడిగేవాడు లేడు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ షెడ్యూలే తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. సరిగ్గా యాభై ఏళ్లు పట్టింది.

మధ్యలో 2020 వచ్చింది. కరోనా అనగానే వాట్సాప్‌లో గబ్బిలం ఫొటోలే. గబ్బిలాల్లో వైరస్‌లు ఉంటాయి, అబద్ధం కాదు. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు కూడా వేళ్లు పండ్ల గబ్బిలాల వైపే చూపించాయి. కానీ చెట్టు కొట్టేస్తే, గుహలో పొగ పెడితే ఏమవుతుంది? అవి చెల్లాచెదురై మన ఇళ్లకి, పశువుల కొట్టాలకి ఇంకా దగ్గరవుతాయి. భయపడిన జంతువు నుంచి వైరస్ బయటపడే అవకాశమూ పెరుగుతుంది. దూరం పాటించడమే ఇద్దరికీ మందు. కొరికిన పండు తినకూడదు, మూత పెట్టని కుండలో కల్లు తాగకూడదు. అంతే.

పక్కనే ఒక హెచ్చరిక

చివరగా మన పొరుగు జిల్లా కథ. కర్ణాటకలోని కోలార్. అక్కడ పల్లె పల్లెకీ తెలుగు వినిపిస్తుంది. ఆ కొండల్లోని ఒక ఆకుముక్కు గబ్బిలాన్ని 1994లో కొత్త జాతిగా గుర్తించారు. మొదట్లో రెండు చోట్ల తెలుసు. తర్వాత హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వెతికితే, ఒకే ఒక్క గుహలో, రెండొందల లోపే మిగిలాయి. ప్రపంచం మొత్తం మీద అంతే. 2016లో అంతరించే అంచున ఉన్న జాతుల లిస్టులోకి ఎక్కింది. ప్రధాన ముప్పు, చుట్టూ గ్రానైట్ క్వారీలు.

ఇప్పుడు మన వైపు చూడండి. ఆ పాత సముద్రం అడుగే మన సిమెంటు, మన నాపరాయి, ఎన్నో వేల కుటుంబాల కూలి. క్వారీ అంతా ఆపేయండి అని నేను అనను, అది కడుపు నిండినవాడి మాట అవుతుంది. కానీ ఏ కొండలో గవి ఉంది, అందులో ఎవరున్నారు అని పేలుడు పెట్టే ముందు చూడటం అసాధ్యం కాదు. గబ్బిలాలు చాలావరకు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. ఎలకల్లాగా మళ్లీ పుట్టుకొస్తాయిలే అనుకోవడానికి లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, పోవడానికి ఇంకో చోటు ఉంది కాబట్టి బతికాయని. ఆ ఇంకో చోటు ఒక్కొక్కటే తగ్గిపోతోంది. తోబా బూడిద చేయలేని పని మన డ్రిల్లింగ్ మిషన్ చేయగలదు.

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. గవిలోకి పోతే గబ్బిలాల గుంపు మీద ఫ్లాష్ కొట్టొద్దు, కేకలు పెట్టొద్దు, రీల్ కోసం రాయి విసరొద్దు. పిల్లల్ని అంటిపెట్టుకున్న తల్లులు బెదిరి ఎగిరితే పిల్లలు రాలి చచ్చిపోతాయి. కింద పడిన గబ్బిలం కనిపిస్తే ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చేయండి. మీ ఊర్లో గబ్బిలాల చెట్టు గానీ, గబ్బిలాల గవి గానీ ఉంటే, అవ్వనో తాతనో అడగండి: ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయి, ముందు ఎన్ని ఉండేవి, ఎవరు కాపాడారు, ఎవరు తరిమారు? వాళ్లు చెప్పింది ఊరి పేరుతో సహా కామెంట్లో రాయండి. ఎక్కడా రాసి లేని చరిత్ర అది, ఆ పెద్దవాళ్లతోనే పోతుంది. వచ్చినవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.